ప్రెస్‌కి గార్డు కట్టిన డైరీ: ఆటోనగర్ షాపులో కొలతలు, పనిచెయ్యనివి, మార్చినవి

షాపు విశాఖ గాజువాక ఆటోనగర్‌లో. రేకు పని: ఎలక్ట్రికల్ ప్యానెల్ బోర్డులకి క్లాంపులు, బ్రాకెట్లు, ఎర్త్ పట్టీలు. గార్డులు (కదిలే భాగాల్లోకి చెయ్యి పోకుండా పెట్టే అడ్డాలు) కావాల్సిన మెషిన్లు: 20 టన్నుల సి-ఫ్రేమ్ పవర్ ప్రెస్, పిల్లర్ డ్రిల్, 200 మి.మీ. బెంచ్ గ్రైండర్, బెల్టు కంప్రెసర్. కాలితో తొక్కే షీరింగ్ మెషిన్ వంతు చివర్లో.

ఇవే మెషిన్లు ఉన్న షాపులు మన ఊళ్ళో ఆటోనగర్ నుంచి పరవాడ దాకా చాలా ఉన్నాయి. ఎవరైనా ఇదే పని చేసుకోవాలంటే కొలతలు చేతికందాలని రాస్తున్నాను. ధరలు మాకు పడినవి.

కట్టిన గార్డు నెల తిరిగేసరికి విప్పేసి గోడవారకి చేరితే అది కట్టినట్టు కాదు. అందుకని ప్రతి దశలోనూ రెండు విషయాలు చూశాం: చెయ్యి ప్రమాదం దాకా చేరుతోందా, గంటకి ఎన్ని పీసులు వస్తున్నాయి. రెండోది పట్టించుకోకపోతే మొదటిది ఎన్నాళ్ళో నిలవదు.

దశ 1: విప్పకముందు కొలవడం

ప్రెస్ వెనక ఒక పాత గార్డు ఉంది. పసుపు రంగు చెక్కు చెదరలేదు. ఎందుకు తీసేశారని ప్రెస్ మేస్త్రిని అడిగితే మూడు కారణాలు చెప్పాడు: డై (పీసుకి ఆకారమిచ్చే అచ్చు) కనపడదు, పట్టీ లోపలికి పోయేటప్పుడు తగులుతుంది, పీసు ఇరుక్కుంటే నాలుగు బోల్టులు విప్పాలి. మూడూ న్యాయమైనవే. ఆ మూడూ రాసి గోడకి అంటించాను. కొత్త గార్డు వాటికి జవాబు చెప్పాలి.

1. ఫ్లైవీల్ (మోటార్ తిప్పే బరువైన చక్రం) వేగం: టాకోమీటర్‌తో (చుట్లు లెక్కించే మీటరు) నిమిషానికి 72 చుట్లు. మా ప్రెస్‌లో గేర్లు లేవు, ఫ్లైవీల్ ఒక చుట్టు అంటే ఒక స్ట్రోకు: ర్యామ్, అంటే పైనుంచి డై మీదికి దిగే భాగం, ఒకసారి దిగి లేవడం.
2. మోటార్ ఆపాక ఫ్లైవీల్ నిలబడడానికి: 1 నిమిషం 40 సెకన్లు.
3. స్ట్రోకు అయ్యాక క్రాంక్ (ర్యామ్‌ని నడిపే వంకర ఇరుసు) ఎక్కడ ఆగుతోంది: సుద్దముక్కతో గుర్తు పెట్టి చూస్తే పై కొసని దాటి 15 నుంచి 20 డిగ్రీలు పోతోంది.
4. క్లచ్‌లో (ఫ్లైవీల్‌ని క్రాంక్‌కి కలిపేది) పిన్ పడే గాళ్ళు: 3.
5. గ్రైండర్‌లో రాయికీ టూల్ రెస్ట్‌కీ (జాబ్ ఆనించే పలక) సందు: 11 మి.మీ.
6. కంప్రెసర్ బెల్టుకీ, గార్డు రాగల చోటుకీ మధ్య: 35 మి.మీ.

రెండో కొలత మీద ఒక మాట. ఈ రకం ప్రెస్‌లో మోటార్ ఆఫ్ చేసినంత మాత్రాన ర్యామ్ దిగదని అనుకోకూడదు. ఫ్లైవీల్ తిరుగుతున్నంత సేపూ పెడల్ తగిలితే స్ట్రోకు పడుతుంది. స్విచ్ ఆపి వెంటనే డైలో చెయ్యి పెట్టే అలవాటు చాలా షాపుల్లో చూశాను. మా దగ్గర ఆ 1 నిమిషం 40 సెకన్లు ప్రెస్ మీదే పెయింటుతో రాశాం.

చేతులు ఎక్కడికి పోతున్నాయో తెలియడానికి, పనిచేసేవాళ్ళ ఒప్పుదలతో పైనుంచి ఫోన్‌లో వీడియో తీశాం. మేస్త్రి అది చూసి, "బాబూ, పీసు పెట్టేటప్పుడు అందరూ జాగర్తగానే ఉంటారు. ఇరుక్కున్న పీసు లాగేటప్పుడే వేళ్ళు పోతాయి" అన్నాడు. ఆయన ఎడమచేతి చూపుడువేలు పైకణుపు చాలా ఏళ్ళ కిందట వేరే షాపులో ఇలాగే పోయింది. ఆ మాటతో ప్లాన్ మారింది. పీసు బయటికి వచ్చే దారికి, లోపలికి వెళ్ళే దారికి ఇచ్చినంత ప్రాముఖ్యమే ఇచ్చాం.

సందు ఎంత ఉంటే ప్రమాదం ఎంత దూరంలో ఉండాలో చెప్పే పట్టిక ఐఎస్ఓ 13857 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఉంది. వేలికొస నుంచి చెయ్యి దాకా లెక్కగట్టింది, 14 ఏళ్ళు పైబడినవాళ్ళకి. పొడవాటి సందుకి:

- 4 నుంచి 6 మి.మీ. సందు: కనీసం 10 మి.మీ. దూరం
- 6 నుంచి 8: 20 మి.మీ.
- 8 నుంచి 10: 80 మి.మీ.
- 10 నుంచి 12: 100 మి.మీ.
- 12 నుంచి 20: 120 మి.మీ.
- 20 నుంచి 30: 850 మి.మీ. (సందు పొడవు 65 మి.మీ. దాటకపోతే 200)

20 దాటాక ఒక్కసారిగా 850కి ఎందుకు పోయిందంటే, అప్పుడు అరచెయ్యి, దాని వెనక మొత్తం చెయ్యి దూరుతుంది. చతురస్రం రంధ్రమైతే లెక్క కొంచెం తేలిక: 8 నుంచి 10కి 25 మి.మీ., 10 నుంచి 12కి 80 మి.మీ. గుండ్రటి రంధ్రం 8 మి.మీ. దాకా ఉంటే 5 మి.మీ. దూరం చాలు.

ఈ పట్టికని ప్రింట్ తీసి లామినేట్ చేయించి వెల్డింగ్ టేబుల్ దగ్గర తగిలించండి. మా పనిలో సగం నిర్ణయాలు దాన్ని చూసి తీసుకున్నవే.

ఖర్చు: టాకోమీటర్ 1,350, నమూనాలకి అట్టలు, ప్లైవుడ్ 150. ఇప్పటిదాకా: రూ. 1,500

దశ 2: బెల్టులు

కంప్రెసర్‌కి ముందు అర అంగుళం వెల్డ్ మెష్ తెచ్చి కట్టాం. చూడ్డానికి బాగుంది, ఫ్రేమ్ గట్టిగా ఉంది. వెర్నియర్ పెడితే లోపలి సందు 11.4 మి.మీ. అర అంగుళం అనేది తీగ నడుమ నుంచి తీగ నడుమకి లెక్క, తీగ మందం పోగా మిగిలేది అది. చతురస్రం 10 నుంచి 12 వరసలో బెల్టు 80 మి.మీ. దూరంలో ఉండాలి. మాకున్నది 35. సన్నటి వేళ్ళున్న హెల్పర్ చేత, మెయిన్ ఆపి, వేలు పెట్టించి చూస్తే బెల్టు తగిలింది. జాలీ మొత్తం విప్పేశాం.

మూసిన రేకు పెడితే? కంప్రెసర్‌కి అది పనికిరాదు. దాని ఫ్లైవీల్ ఆకుల్ని ఫ్యాన్‌లాగా చేసేది సిలిండర్ మీదికి గాలి కొట్టడానికే. ఆ గాలి ఆపితే హెడ్ వేడెక్కుతుంది. కాబట్టి 6 మి.మీ. గుండ్రటి చిల్లులున్న జి.ఐ. రేకు తీసుకున్నాం. దానికి పట్టిక ప్రకారం 5 మి.మీ. దూరం చాలు, మాకు 35 ఉంది, గాలీ ఆడుతుంది. అరగంట లోడు మీద నడిపి చూశాం, గార్డు లేనప్పటికీ ఉన్నప్పటికీ హెడ్ వేడిలో తేడా కనిపించలేదు.

గార్డు వెనకవైపు కూడా మూయాలి. కంప్రెసర్‌ని గోడకి జరిపి పెట్టి ‘అటువైపు ఎవరూ రారు’ అంటారు. ఊడ్చేవాళ్ళు వస్తారు. చీరకొంగు, చున్నీ, చీపురు అటువైపునుంచే పోతాయి.

స్క్రూల విషయంలో విశాఖ గాలిని లెక్కలోకి తీసుకోవాలి. మామూలు ఇనుప స్క్రూలు వానాకాలం దాటకముందే తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. బెల్టు బిగించడానికి గార్డు విప్పాల్సి వస్తే స్క్రూ తలలు గ్రైండర్‌తో కోసేశారు. కోశాక ఆ గార్డు తిరిగి ఎక్కదు. మార్చినవి:

1. 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ ఎలెన్ స్క్రూలు, మరల మీద గ్రీజు.
2. ప్రతి స్క్రూకి లోపలివైపు బిగుతైన నైలాన్ వాషర్. విప్పినా స్క్రూ గార్డునే అంటిపెట్టుకుని ఉంటుంది, కిందపడి పోదు. స్క్రూ పోవడమూ గార్డు పోవడమూ మా షాపులో ఒకటే.
3. నాలుగు స్క్రూలకి బదులు కింద రెండు కొక్కేలు, పైన రెండు స్క్రూలు. స్క్రూలు తీస్తే కొక్కేల మీద నిలబడకుండా ఊడి వచ్చేలా పెట్టాం. లేకపోతే స్క్రూలు లేకుండానే ఆనించి వదిలేస్తారు.
4. బెల్టు బిగుతు, ఆయిల్ మట్టం గార్డు తియ్యకుండానే కనిపించేలా ఆయిల్ గ్లాసు వైపు కటింగ్.

ప్రెస్ ఫ్లైవీల్‌కీ, డ్రిల్ పైన పుల్లీలకీ ఇదే రేకు. డ్రిల్ పుల్లీ దగ్గర ఒక కీ చివర బయటికి పొడుచుకొచ్చి ఉంది, దాన్ని కోసి సమం చేశాం. తిరిగే షాఫ్ట్ మీద పైకి తేలిన స్క్రూ, బోల్టు, కీ ఏదైనా గుడ్డని పట్టుకుని లాగుతుంది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 26లో ఈ విషయాన్ని విడిగా చెప్పింది. దాని సెక్షన్ 21 అయితే మెషిన్ నడుస్తున్నంత సేపూ కంచె దాని చోట ఉండాలనేది.

ఖర్చు: పనికిరాని జాలీ 640, చిల్లుల రేకు 2,900, యాంగిళ్ళు, పట్టీలు 1,150, స్క్రూలు 420. ఈ దశ 5,110. ఇప్పటిదాకా: రూ. 6,610

దశ 3: గ్రైండర్, డ్రిల్

గ్రైండర్ పని తొందరగా అయింది.

1. టూల్ రెస్ట్ రాయికి 3 మి.మీ. లోపు. 11 మి.మీ. ఉన్నప్పుడు జాబ్ కిందికి జారి ఇరుక్కుంటుంది, రాయి పగలడానికి అదొక దారి.
2. పైన నాలుక పలక రాయికి 6 మి.మీ. లోపు. రాయి అరిగేకొద్దీ రెండూ ముందుకి జరపాలి, అందుకే రెంటికీ పొడవాటి గాళ్ళు పెట్టాం.
3. కొత్త రాయి ఎక్కించేముందు స్క్రూడ్రైవర్ చెక్కపిడితో తట్టి వినడం. ఖంగుమంటే మంచిది, బొద్దుగా మోగితే బీట ఉన్నట్టు.
4. రాయి మీద రాసిన వేగంతో పోల్చడం. 200 మి.మీ. రాయి 2,850 చుట్లతో తిరిగితే అంచు వేగం సెకనుకి సుమారు 30 మీటర్లు.

అసలు సమస్య స్విచ్. గ్రైండర్, డ్రిల్ రెండూ మామూలు తిప్పే స్విచ్ మీద ఉన్నాయి. కరెంటు పోయినప్పుడు ఎవరూ స్విచ్ ఆపరు, రాయి మార్చడానికో డ్రిల్ బిట్ తియ్యడానికో అదే సమయం అనుకుంటారు. కరెంటు వస్తే మెషిన్ దానంతటదే తిరుగుతుంది. రెంటికీ డి.ఓ.ఎల్. స్టార్టర్లు పెట్టాం. కరెంటు పోగానే కాయిల్ వదిలేస్తుంది, వచ్చాక పచ్చ బటన్ నొక్కితేనే తిరుగుతుంది. ఈ డైరీలో ఒక్క పనే చేస్తానంటే ఇది చెయ్యండి.

డ్రిల్ పైమూతకి లిమిట్ స్విచ్ పెట్టాం: మూత తెరిస్తే ఆగాలి. మొదట మూత మూసినప్పుడు స్విచ్ నొక్కుకునేలా బిగించాం. బెల్టు మార్చి వేగం సరిచూసుకునే హెల్పర్‌కి ప్రతిసారీ మూత వెయ్యడం చికాకు, స్విచ్ బొడిపె మీద ఇన్సులేషన్ టేప్ చుట్టేశాడు. మెషిన్‌కి మూత ఉన్నట్టే తెలుస్తుంది. అతన్ని తిట్టి లాభం లేదు, బిగింపు తిరగేశాం. ఇప్పుడు మూత తెరుచుకుంటే కీలు దగ్గరి క్యామ్ స్విచ్‌ని నొక్కి కాంటాక్టుని బలవంతంగా విడదీస్తుంది. టేప్ చుడితే మెషిన్ నడవదు, అంతే. స్విచ్‌లో స్ప్రింగ్ విరిగినా, కాంటాక్టులు అతుక్కున్నా క్యామ్ వాటిని విడగొడుతుంది.

డ్రిల్ దగ్గర గ్లౌజులు వద్దని తెలుగు, ఒడియా, హిందీల్లో రాశాం. మా దగ్గర ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు.

ఖర్చు: స్టార్టర్లు రెండు 3,700, లిమిట్ స్విచ్ 650, ఎర్ర పుట్టగొడుగు బటన్లు రెండు 760, వైరు 590, రెస్ట్, నాలుక పలకలు 400. ఈ దశ 6,100. ఇప్పటిదాకా: రూ. 12,710

దశ 4: ప్రెస్. బటన్లు పెడితే సరిపోతుందా?

ఓనర్‌గారు ఒక పెద్ద ప్లాంటులో ప్రెస్‌కి వెలుతురు తెర చూశారు, చెయ్యి అడ్డం వస్తే ఆగిపోతుంది. అదే పెట్టమన్నారు. మా ప్రెస్‌కి అది కుదరదు. ఇందులో ఉన్నది పిన్ క్లచ్. పిన్ ఒకసారి పడ్డాక చుట్టు పూర్తయ్యేదాకా ర్యామ్ ఆగదు. తెర చెయ్యిని చూస్తుంది, ఆపమని చెబుతుంది, ఆపే శక్తి మెషిన్‌కి లేదు. మధ్యలో ఆపగల ఫ్రిక్షన్ క్లచ్ ఉన్న ప్రెస్‌కే తెర పనికొస్తుంది. ఎవరైనా అమ్మడానికొస్తే ముందు క్లచ్ ఏ రకమో అడిగారో లేదో చూడండి.

తర్వాతి ఆలోచన రెండు చేతుల బటన్లు. పెడల్ తీసేసి, రెండూ ఒకేసారి నొక్కితేనే స్ట్రోకు. దీనికి లెక్క ఉంది. మనిషి చెయ్యి సెకనుకి 1,600 మి.మీ. కదులుతుందని తీసుకుంటారు. బటన్ వదిలిన చెయ్యి డైని చేరేలోపు ర్యామ్ కిందికి వచ్చి మూసుకుపోయి ఉండాలి.

1. 72 చుట్లకి ఒక చుట్టు సమయం: 60 ÷ 72 = 0.833 సెకను.
2. పిన్ గాడి కోసం ఎదురుచూసే గరిష్ఠ సమయం: 3 గాళ్ళు కాబట్టి మూడోవంతు చుట్టు.
3. ర్యామ్ దిగడానికి: అరచుట్టు.
4. మొత్తం: (0.5 + 0.333) × 0.833 = 0.694 సెకను.
5. దూరం: 0.694 × 1,600 = 1,110 మి.మీ.

అంటే బటన్లు డైకి మీటరు పైన దూరంలో ఉండాలి. పీసు పెట్టి, వెనక్కి నడిచి, నొక్కి, మళ్ళీ ముందుకి రావాలి. ఎవరూ చెయ్యరు. క్లచ్‌లో ఒకటే గాడి ఉంటే లెక్క ఇంకా ఘోరం: 1.5 × 0.833 = 1.25 సెకను, అంటే 2 మీటర్లు. ఇలాంటి ప్రెస్‌లకి ర్యామ్ పక్కనే జానెడు దూరంలో బటన్లు బిగించినవి నేను చూశాను. అవి చేతుల్ని బటన్ల మీద పెట్టిస్తాయి, కాపాడవు. పైగా నొక్కకుండానే రెండో స్ట్రోకు పడితే బటన్లు ఏమీ చెయ్యలేవు.

కాబట్టి నిర్ణయం: డై చుట్టూ అన్ని వైపులా మూత, చెయ్యి దూరనంత సందులోంచే పని. తెర, బటన్లు రెండూ లేవు.

దానికంటే ముందు ఆ రెండో స్ట్రోకు సంగతి. విప్పి చూస్తే:

- క్లచ్ లాచ్‌ని వెనక్కి లాగే స్ప్రింగ్ కొక్కేల రకం, లాగుడు స్ప్రింగ్. అది తెగితే లాచ్ వెనక్కి రాదు, ర్యామ్ కొడుతూనే ఉంటుంది. దాని బదులు గొట్టంలో కూర్చునే నొక్కుడు స్ప్రింగ్ పెట్టాం. అది విరిగినా ముక్కలు గొట్టంలోనే ఉండి నెడుతూనే ఉంటాయి. చుట్ల మధ్య ఖాళీ తీగ మందం కంటే తక్కువ ఉండేలా తీసుకున్నాం, విరిగిన కొసలు ఒకదాంట్లో ఒకటి దూరిపోకుండా.
- పిన్ అంచు గుండ్రంగా అరిగిపోయింది. పిన్, దాని బుష్ కొత్తవి.
- బ్రేక్ లైనింగ్ నూనె పీల్చుకుంది. మార్చి బిగించాక క్రాంక్ పై కొసకి అటూ ఇటూ 5 డిగ్రీల లోపే ఆగుతోంది.

క్రాంక్ చివర ఎర్రగీత, ఫ్రేమ్ మీద తెల్లగీత వేశాం. పొద్దున మొదటి స్ట్రోకుకి రెండు గీతలూ ఎంత దూరంలో ఆగాయో చూస్తే బ్రేక్ సంగతి ఎవరికైనా తెలుస్తుంది.

ఖర్చు: పిన్, బుష్ 1,700, స్ప్రింగులు 240, లైనింగ్ 360. ఈ దశ 2,300. ఇప్పటిదాకా: రూ. 15,010

దశ 5: పట్టీ పనికి కదలని గార్డు

2 మి.మీ. మందం, 40 మి.మీ. వెడల్పు పట్టీ. లోపలికి తోస్తుంటే పంచ్ (ర్యామ్‌కి బిగించిన కోత పనిముట్టు) బిళ్ళ కోస్తుంది, బిళ్ళ డైలోంచి కిందికి రాలుతుంది. గార్డు లేకుండా గంటకి 560 పీసులు.

మొదటి గార్డు: పట్టీ హాయిగా పోవాలని 12 మి.మీ. సందు వదిలాం. సందు నుంచి పంచ్‌కి 65 మి.మీ. పట్టిక అడిగేది 100. చూపుడువేలంత 12 మి.మీ. నైలాన్ కడ్డీ కాస్త అంచు రాసుకుంటూ పంచ్ కింది దాకా పోయింది. పనికిరాదు.

రెండోది: సందు 7.5 మి.మీ. ఇప్పుడు 20 మి.మీ. దూరం చాలు, మాకు మూడింతలు ఉంది. కానీ షీరింగ్ నుంచి వచ్చే పట్టీకి మెలి ఉంటుంది, సందు అంచుకి తగిలి ఆగిపోతోంది. గంటకి 410. మేస్త్రి ఏమీ అనలేదు, ఎలెన్ కీ మాత్రం జేబులో పెట్టుకు తిరగడం మొదలెట్టాడు. అది చూశాకే మార్పు తొందరగా చేశాం.

మూడోది: సందు అదే 7.5, బయటివైపు పెదవులు 30 డిగ్రీలు విచ్చుకునేలా వంచాం. పట్టీ కొస ఎటు తగిలినా లోపలికి జారుతుంది. గంటకి 550. ప్రెస్ ముందు పట్టీని మోసే రోలర్ స్టాండు ఒకటి స్క్రాప్ పైపుతో చేశాక 575. గార్డు లేనప్పటికంటే ఎక్కువ, ఎందుకంటే ఇంతకుముందు ఎడమచెయ్యి పట్టీ బరువు మోస్తూ ఉండేది.

కింద: బిళ్ళలు రాలే దారి 60 మి.మీ. వెడల్పు. అందులోంచి చెయ్యి పైకి పోగలదు, పట్టిక ప్రకారం 850 మి.మీ. కావాలి. జారుడు తొట్టిని వెనక్కి పొడిగించి నోటి నుంచి డైకి 900 వచ్చేలా చేశాం. చాలామంది వదిలేసే చోటు ఇది. బిళ్ళ అడ్డం పడితే చెయ్యి పోయేది ఇటునుంచే.

చూపు: ముందు వైపు 5 మి.మీ. పాలికార్బొనేట్ పలక, పక్కలకి జాలీ. యాక్రిలిక్ చౌక, కానీ పంచ్ ముక్క ఎగిరి తగిలితే పగులుతుంది. మొదటి పలకని నూనె మరకలు పోవడానికి థిన్నర్‌తో తుడిచారు, కొన్నాళ్ళకే సన్నటి వెంట్రుక గీతలు పడి మసకబారింది. థిన్నర్ ఆ ప్లాస్టిక్‌ని తినేస్తుంది. రెండో పలక మీద ‘సబ్బునీళ్ళు మాత్రమే’ అని చెక్కించాం, పక్కన గుడ్డ, సీసా తగిలించాం.

జాలీ లోపలి సందు 9.6 మి.మీ., పంచ్‌కి 60 మి.మీ. దూరం, కావాల్సింది 25. ముందు మొత్తానికి పసుపు కొట్టాం. పసుపు జాలీ వెలుతురుకి మెరుస్తుంది, వెనక ఏముందో కనపడదు. ఫ్రేమ్‌కి పసుపు ఉంచి జాలీకి మెరుపు లేని నలుపు కొట్టాక, లోపల 24 వోల్టుల చిన్న ఎల్ఈడీ దీపం పెట్టాక మేస్త్రి, "ఇప్పుడు డై ముందుకంటే బాగా కనపడతంది" అన్నాడు. గోడ మీది మొదటి కారణం కొట్టేశాం.

ఖర్చు: పాలికార్బొనేట్ రెండు పలకలు 1,900, జాలీ 1,250, పట్టీలు 1,400, మిషనింగ్ 800, దీపం 450, స్క్రూలు 350. ఈ దశ 6,150. ఇప్పటిదాకా: రూ. 21,160

దశ 6: వంచే పనికి జారుడు డై

ఎక్కువ కష్టపెట్టింది ఇదే. ముందే కోసిన బిళ్ళని ఒక్కొక్కటిగా డైలో పెట్టి వంచాలి. సన్నసందులోంచి అది కుదరదు. పటకారుతో పెడితే చాలంటారు. పటకారు మంచిదే, కానీ తొందరలో అది పక్కన పడి వేళ్ళే ముందుకి వస్తాయి. గార్డు ఉంటూ పటకారు అదనంగా ఉండాలి.

చేసింది: కింది డైని ఒక జారుడు పలక మీద బిగించాం. పలకని బయటికి లాగి, బిళ్ళ పెట్టి, లోపలికి తోసి, పెడల్ తొక్కాలి. పలకకి ముందొక అడ్డురేకు, వెనకొక అడ్డురేకు. లోపల ఉన్నప్పుడు ముందుది, బయట ఉన్నప్పుడు వెనకది గార్డు నోటిని మూస్తుంది. నడిమధ్యలో ఆపినా డై దిమ్మే ఆ నోటిని నింపుతుంది. చెయ్యి పోయే దారి ఎప్పుడూ ఉండదు, రెండో స్ట్రోకు పడినా.

పనిచెయ్యనివి వరసగా:

1. గైడ్లలో 0.05 మి.మీ. వదులు పెట్టాం. నూనె, సన్నటి రజను చేరి బిగుసుకుపోయింది. గంటకి 230. చెయ్యి లాగితే వచ్చే నొప్పి వేరే.
2. వదులు 0.25కి పెంచాం. బాగా జారింది, కానీ డై పక్కకి ఒరిగి వంపు ఒకవైపు ఎక్కువ వచ్చింది, పీసులు తిరస్కరించారు.
3. ప్రయాణమంతా 0.25 ఉంచి, ఆఖరి 15 మి.మీ.లో మాత్రం ఏటవాలు గైడ్ పెట్టాం. అది డైని మధ్యకి తెచ్చి 0.05లో నిలబెడుతుంది. రాపిడి చోట్ల ఇత్తడి పట్టీలు, రజను రాలడానికి కింద గాడి. గంటకి 340.
4. వంగిన పీసు డైకి అంటుకుంటోంది. గాలి పైపుతో ఊదితే చప్పుడు, కళ్ళలోకి రజను. అది తీసేసి డై లోపల స్ప్రింగ్ పిన్ పెట్టాం, ర్యామ్ లేవగానే పీసుని 4 మి.మీ. పైకి లేపుతుంది. గంటకి 370.

మునుపు ఉత్త చేతులతో 400 వచ్చేవి. ఆ 30 పీసులు తగ్గినట్టే, ఓనర్‌గారికి అలాగే చెప్పాం, రేటు కట్టేటప్పుడు 370 మీదే కట్టమన్నాం. పాత లెక్క మీద రోజు కోటా ఉంచితే గార్డు విప్పమని మనమే చెప్పినట్టు.

పలక పూర్తిగా లోపలికి రాకముందే తొక్కితే పంచ్ డై అంచుని కొట్టి పగులుతుంది. అందుకని పెడల్ కడ్డీకి స్ప్రింగ్ నాలుక పెట్టాం, పలక ముక్కు తగిలితేనే తప్పుకుంటుంది. మొదట 14 మి.మీ. దూరం ఉండగానే పెడల్ వదిలేసింది. ముక్కుని అరగదీసి 3 మి.మీ. లోపే వదిలేలా చేశాం. 3 మి.మీ. షిమ్ (కొలత రేకు ముక్క) అడ్డం పెట్టి పెడల్ తొక్కి చూడడం ఇప్పుడు పొద్దున తనిఖీలో భాగం.

పెడల్ మీద పై నుంచి, పక్కల నుంచి రేకు మూత. స్క్రాప్ ముక్కో స్పానరో పడితే స్ట్రోకు పడకూడదు.

ఖర్చు: స్టీలు, మిషనింగ్ 4,200, ఇత్తడి 1,100, పిన్, స్ప్రింగులు 160, పెడల్ మూత 140. ఈ దశ 5,600. ఇప్పటిదాకా: రూ. 26,760

దశ 7: డై మార్చేటప్పుడు

గార్డు విప్పక తప్పని సమయం ఇదే. దీనికి మూత చాలదు, క్రమం కావాలి. ప్రెస్ మీద ఇలా రాసి ఉంది:

1. మోటార్ ఆపు. ఎర్ర బటన్ నొక్కితే ఆగేది మోటారే, ఫ్లైవీల్ కాదు.
2. ఐసొలేటర్ (మెషిన్‌కి కరెంటు పూర్తిగా తెంపే స్విచ్) తిప్పి తాళం వెయ్యి. తాళంచెవి డై మార్చేవాడి జేబులో.
3. ఫ్లైవీల్ పూర్తిగా నిలబడేదాకా ఆగు.
4. ర్యామ్ కింద దిమ్మ పెట్టు.
5. అప్పుడు గార్డు విప్పు.

దిమ్మని గొలుసుతో కరెంటు ప్లగ్‌కి కట్టాం. ప్లగ్ పీకితేనే దిమ్మ ర్యామ్ దాకా అందుతుంది, దిమ్మ దాని గూట్లో పెడితేనే ప్లగ్ ఎక్కుతుంది. దిమ్మ లోపల మర్చిపోయి మోటార్ వెయ్యడం దీంతో పోయింది.

తాళం ఒకటే కొన్నాం, దానికి రెండో చెవి ఉంది. ఆఫీసు డ్రాయర్లో ఉన్న ఆ చెవితో ఎవరో ‘కొంచెం చూద్దామని’ తెరిచారు. రెండో చెవిని గ్రైండర్ మీద అరగదీసేశాం. దసరాకి ఆయుధపూజ కోసం మెషిన్లన్నీ విప్పి తుడిచినప్పుడు ఇదే క్రమం పాటించాం, పసుపు కుంకుమలు పెట్టేది గార్డులు ఎక్కించాకే అని ముందే చెప్పుకున్నాం. ప్రతి ఏడూ పూజ తర్వాత రెండు మూడు గార్డులు మూలన మిగిలిపోయేవి, ఈసారి ఒక్కటీ మిగల్లేదు.

ఖర్చు: ఐసొలేటర్ 980, తాళం 450, ప్లగ్, గొలుసు 400, దిమ్మ 370. ఈ దశ 2,200. ఇప్పటిదాకా: రూ. 28,960

దశ 8: షీరింగ్ మెషిన్, మొదలైంది

రేకుని అదిమిపట్టే బిగింపు కడ్డీకీ టేబుల్‌కీ మధ్య సందు 9 మి.మీ. అక్కడినుంచి బ్లేడుకి 55. పట్టిక అడిగేది 80. మా రేకు మందం 3 దాటదు కాబట్టి సందుని 6కి దించే అడ్డుపట్టీ గీస్తున్నాం, అప్పుడు 10 మి.మీ. చాలు. రేకు మీది కోత గీతలు కనపడాలంటే ఆ పట్టీ మూసిన రేకు కాకూడదు, నిలువు గాళ్ళుండాలి, ఒక్కో గాడి 6 మి.మీ. దాటకూడదు. వెనకవైపు ముక్కలు రాలే చోట ఇప్పుడు ఏ అడ్డూ లేదు. ముందువైపు పట్టీ గియ్యడం ఆపి, మొదట వెనకవైపే మూస్తున్నాం, ఎందుకంటే ముందు తొక్కేవాడికి వెనక ముక్క ఏరేవాడు కనపడడు.